ఆగకుండానే ఖాళీ అయ్యే బొగ్గు రైలు: బాయి నుంచి బల్బు దాకా అసలేం జరుగుతుంది?

రైలు_కిటికీ
మొన్న రామగుండంలో మా బావగారి బండి మీద వెళ్తుంటే గేటు పడింది. నిండా బొగ్గుతో ఒక రైలు ప్లాంటు వైపు పోయింది. పని చూసుకుని తిరిగొస్తుంటే మళ్లీ అదే గేటు పడింది, అదే రైలు ఖాళీగా వెనక్కి పోతోంది. ఇంజను విప్పి రెండో వైపు తగిలించినట్టూ లేదు. అంత బొగ్గు అంత తొందరగా ఎవరు దించారు, ఎలా దించారు? మా బావగారిది అక్కడే బట్టల షాపు, పుట్టి పెరిగిందీ అక్కడే. ఆయనా చెప్పలేకపోయారు. ఇక్కడ ప్లాంటులోనో గనిలోనో చేసినవాళ్లుంటే చెప్పండి. రోజుకు ఇలాంటి రైళ్లు ఎన్ని కావాలి? ఈ కేంద్రాలన్నీ గనుల పక్కనే ఎందుకు పెట్టారు?

రాత్రి_షిఫ్టు
నేను 500 మెగావాట్ల యూనిట్ కంట్రోల్ రూంలో పద్నాలుగేళ్లుగా ఉన్నాను. ఏ ప్లాంటో చెప్పను, పని మాత్రం చెప్తాను.

మీరు చూసినదాన్ని ఎంజీఆర్ అంటాం, అంటే మెర్రీ గో రౌండ్. గని దగ్గర ఒక చుట్టు, ప్లాంటు దగ్గర ఒక చుట్టు, మధ్యలో సొంత రైలు మార్గం. రైలు ఎక్కడా వెనక్కి తిరగక్కర్లేదు. గని దగ్గర పైనున్న గోదాము నోటి కింద మెల్లగా నడుస్తూ నింపుకుంటుంది. ఇక్కడ పట్టాల కింద పొడుగాటి కాంక్రీటు గొయ్యి ఉంటుంది, దాన్ని ట్రాక్ హాపర్ అంటాం. ఈ వ్యాగన్లకు తలుపులు పక్కన కాదు, అడుగున ఉంటాయి. గొయ్యి మీదికి రాగానే పట్టా పక్కనున్న మీట తగిలి, గాలి ఒత్తిడితో ఆ తలుపులు తెరుచుకుంటాయి. ఒక్కో వ్యాగన్‌లో 60 టన్నులకు అటూ ఇటూగా ఉండే బొగ్గు కొద్ది సెకన్లలో కిందికి జారిపోతుంది. గొయ్యి దాటగానే తలుపులు మూసుకుంటాయి. దించడానికి కూలీలూ అక్కర్లేదు, రైలు ఆపనూ అక్కర్లేదు.

రోజుకు ఎంత కావాలంటే, 500 మెగావాట్లు పూర్తి లోడు మీద రోజంతా నడిస్తే కోటీ ఇరవై లక్షల యూనిట్లు. మన బొగ్గుతో ఒక్కో యూనిట్ కరెంటుకు సుమారు 650 గ్రాములు పడుతుంది. అంటే ఒక్క 500 మెగావాట్ల యంత్రానికే రోజుకు ఏడెనిమిది వేల టన్నులు. రామగుండం ఎన్టీపీసీ పాత కేంద్రంలో మూడు 200లు, నాలుగు 500లు కలిపి 2,600 మెగావాట్లు. ఇప్పుడు పక్కనే తెలంగాణ ప్రాజెక్టు పేరుతో రెండు 800లు వచ్చాయి. అన్నిటికీ మీరే లెక్కేసుకోండి.

దించిన బొగ్గు బెల్టుల మీద క్రషర్‌కు పోయి 20 మిల్లీమీటర్ల ముక్కలవుతుంది. దారిలో బెల్టు మీద పెద్ద అయస్కాంతం వేలాడుతుంటుంది. షావెల్ పళ్లు, బోల్టులు, తీగ ముక్కలు లాగేస్తుంది. లాగకపోతే బొగ్గును పొడి చేసే మా మిల్లు పగిలిపోతుంది.

పాత_ఓవర్‌మెన్
ఆ బోల్టులు మావే తమ్మీ. కప్పు పడకుంట బండల కొట్టే రూఫ్ బోల్టులు. బొగ్గుల కలిసి మీ దాక వస్తయి.

నేను గోదావరిఖనిల ముప్పై నాలుగేండ్లు చేసిన. ఎవలన్న రాకుంటె వాళ్ల జాగల బొగ్గు నింపే బదిలీ ఫిల్లర్‌గ దిగి, షిఫ్టు పని చూసే ఓవర్‌మెన్‌గ దిగిపోయిన. రైలు ముచ్చట రైలు కాడ మొదలు కాదు, బాయి కాడ మొదలైతది. మా దిక్కు గనిని బాయి అంటం. "బాయి మీదికి పోతున్న" అంటే డ్యూటీకి పోతున్న అన్నట్టు.

భూగర్భ గనిల బొగ్గంత ఒక్కసారి తియ్యం. గళ్ల లెక్క తొవ్వలు తొవ్వి, నడుమ పిల్లర్లు వదిలిపెడతం. ఆ పిల్లర్లే పైనున్న భూమిని మోస్తయి. ఆఖర్ల ఎనకకు జరుక్కుంట పిల్లర్లు గుడ తీస్తం, దాన్ని డీపిల్లరింగ్ అంటం. అన్నిట్ల భయమున్న పని గదే. కొన్నిచోట్ల గోదారి ఇసుకను నీళ్లతోని కలిపి పైపులల్ల లోపలికి పంపి ఖాళీ నింపేటోళ్లం. మస్టర్ (హాజరు) పడ్డంక ల్యాంప్ రూంల కాప్ ల్యాంపు తీస్కోని దిగుడు. ముందుగాల లోపల భద్రత చూసే సర్దార్ పోయి చూస్తడు. కర్రతోని బండను కొట్టి ఇంటడు. కంగుమంటే గట్టిగున్నట్టు, బొద్దుగ మోగితే బండ లూజున్నట్టు. నేను కండ్లతోని చూసినదాని కంటె చెవులతోని ఇన్నదే ఎక్కువ నమ్మిన.

గాలిల మంటంటుకునే మీథేన్ గ్యాస్ చూసుడు ఇంకో పని. 1.25 శాతం దాటితే ఆ జాగల కరెంటు బంద్ చెయ్యాలె. ఎవ్వలు చెప్పినా చెప్పకున్నా బంద్ చెయ్యాలె.

ఇప్పుడు బొగ్గు ఎక్కువ శాతం ఓసీపీలల్ల నుంచే, అంటే పైనుంచి తొవ్వే ఓపెన్‌కాస్ట్ గనులల్ల నుంచే వస్తది. అక్కడ బొగ్గు తీసుడు అల్క. పైనున్న మట్టి, రాయి ఎత్తిపోసుడే అసలు పని. దాన్ని ఓబీ అంటం. సింగరేణి లెక్కల టన్ను బొగ్గుకు సుమారు ఆరు ఘనపు మీటర్ల ఓబీ తియ్యాలె. 2023-24ల సంస్థ మొత్తం 70 మిలియన్ టన్నుల బొగ్గు తీసింది. మట్టి ఎంత లేపిన్రో చూడున్రి. మంథని తొవ్వల కనిపించే గుట్టలు దేవుడు పెట్టినయి కావు, మేము పోసినయే.

బీటెక్_మూడో_ఏడు
రాత్రి_షిఫ్టు అన్నా, ఒక డౌటు. యూనిట్‌కు 650 గ్రాములా? మా పుస్తకంలో మంచి బొగ్గు కిలోకు 6,000 కిలోకేలరీల పైనే అని ఉంది. యూనిట్ కరెంటు అంటే 860 కిలోకేలరీలే కదా. లెక్క కుదరట్లేదు.

రాత్రి_షిఫ్టు
తమ్ముడూ, రెండు నష్టాలున్నాయి. మొదటిది యంత్రానిది. బాయిలర్, టర్బైన్, ఆవిరిని మళ్లీ నీళ్లు చేసే కండెన్సర్ అన్నీ కలిసి ఒక యూనిట్‌కు సుమారు 2,350 కిలోకేలరీలు తింటాయి. వేడిలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువే కరెంటవుతుంది, మిగతాది నీళ్లలోకి, పొగగొట్టంలోకి పోతుంది. రెండోది బొగ్గుది. మాకొచ్చేది 6,000ది కాదు. 3,500, 3,700 ఉంటుంది. 2,350ని 3,600తో భాగించు, 650 గ్రాములొస్తుంది.

బొగ్గులో వేడి అంత తక్కువ ఎందుకంటే బూడిద. నూరు కిలోల బొగ్గు కాలిస్తే 40 కిలోల దాకా బూడిద మిగులుతుంది. రైలు మోసుకొచ్చేదాంట్లో అంత భాగం కాలని మట్టే. గేటు దగ్గర అడిగిన మూడో ప్రశ్నకు జవాబు కూడా ఇదే. ఆ మట్టికి వందల కిలోమీటర్ల రైలు చార్జీ ఎవరు కడతారు? తీగ మీద కరెంటు పంపడమే మేలని కేంద్రాన్ని గని నోటి దగ్గరే పెట్టారు.

శిలల_మాస్టారు
కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పాను. ఈ బూడిద సంగతి నన్ను చెప్పనివ్వండి.

ప్రాణహిత-గోదావరి లోయ బొగ్గు గోండ్వానా కాలానిది, పాతిక కోట్ల ఏళ్లకు పైబడినది. యూరప్‌లో చాలా బొగ్గు పొరలు అడవి పెరిగిన చోటే బురదలో కూరుకుపోయి ఏర్పడ్డాయి. మన దగ్గర ఎక్కువగా ఏరులు, వరదలు చెట్టూచేమను కొట్టుకొచ్చి పల్లంలో పోశాయి. వాటితో పాటే ఒండ్రు కూడా వచ్చింది. పిండిలో ఇసుక కలిసినట్టు ఆ ఒండ్రు బొగ్గు కణాల మధ్య కలిసిపోయింది. రాళ్లయితే ఏరిపారేయొచ్చు, నీళ్లలో కడిగి వేరు చేయొచ్చు. ఇది కడిగినా సులువుగా పోదు. గనిలో ఎవరో అశ్రద్ధ చేశారని బూడిద రావట్లేదు, ఆనాటి వరదే దాన్ని కలిపింది. మంచి వైపు కూడా ఒకటుంది. మన బొగ్గులో గంధకం తక్కువ.

ఇల్లెందు దగ్గర 1871లో విలియం కింగ్ ఈ బొగ్గును గుర్తించాడు. సింగరేణి అనే ఊరి పేరే కంపెనీకి వచ్చింది. 1920 డిసెంబరు 23న ఆ పేరుతో సంస్థ నమోదైంది. కోల్‌బెల్ట్‌లో ఏటా సింగరేణి డే జరిపేది ఆ రోజునే.

కృష్ణపట్నం_గాలి
అంతా గని పక్కనే అన్నట్టు మాట్లాడుతున్నారు, నేను ఒప్పుకోను. మా నెల్లూరు జిల్లాలో జెన్‌కో కేంద్రం సముద్రం ఒడ్డున ఉంది, మూడు 800లు. అక్కడ దిగుమతి బొగ్గు కూడా కలుపుతారు, దానికి బూడిద తక్కువ. ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు కేంద్రానికి ఒడిశా తాల్చేరు నుంచి కూడా రైళ్లు వస్తాయి. మట్టికి చార్జీ కట్టడం తెలివితక్కువ అయితే ఇవన్నీ ఎందుకు కట్టారు?

రాత్రి_షిఫ్టు
మంచి ప్రశ్న, నేను ఒక్కవైపే చెప్పాను. కరెంటు వాడే చోటికి దగ్గరగా కేంద్రం లేకపోతే వోల్టేజీ నిలబెట్టడం కష్టం. నీళ్లు ఇంకో కారణం. కండెన్సర్ కోసం 500 మెగావాట్లకు గంటకు యాభై, అరవై వేల ఘనపు మీటర్ల నీళ్లు తిప్పుతాం. చాలాభాగం తిరిగే నీళ్లే అయినా, ఆవిరై పోయిన మేరకు కొత్తవి తెచ్చుకోవాలి. సముద్రం పక్కనుంటే ఆ దిగులు తక్కువ. గని పక్కన నది కూడా ఉండటం గోదావరి లోయకు దక్కిన వరం. ఒడిశా నుంచి తెచ్చే బొగ్గు ఖర్చు మాత్రం చివరికి మన బిల్లులోనే పడుతుంది.

బీటెక్_మూడో_ఏడు
క్రషర్ దాటిన బొగ్గు బంకర్‌లో, అంటే మిల్లు పైనుండే తొట్టిలో, పడ్డాక ఏమవుతుందో కూడా చెప్పండి అన్నా. పుస్తకంలో బొమ్మ ఉంది గానీ ప్రాణం లేదు.

రాత్రి_షిఫ్టు
బంకర్ నుంచి బొగ్గును కావాల్సినంతే వదిలే ఫీడర్, ఫీడర్ నుంచి మిల్లు. మిల్లంటే తిరిగే పెద్ద గిన్నె, దానిమీద నొక్కే రోలర్లు. 20 మిల్లీమీటర్ల ముక్క అందులో ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తనవుతుంది. నూటికి డెబ్భై పాళ్లు 75 మైక్రాన్ల జల్లెడలోంచి దిగాలి. కింది నుంచి వేడి గాలి ఊదుతాం. అది బొగ్గును ఆరబెడుతుంది, పొడిని ఎత్తుకుని పైపుల్లో బాయిలర్ దాకా మోస్తుంది కూడా. మిల్లు నుంచి బయటికొచ్చే గాలి 75, 90 డిగ్రీల మధ్య ఉండాలి. తగ్గితే పొడి తడిసి పైపులో అంటుకుంటుంది, పెరిగితే మిల్లులోనే నిప్పు. షిఫ్టులో నా కన్ను ఎక్కువసేపు ఉండేది ఈ అంకె మీదే.

బాయిలర్ లోపల నాలుగు మూలల నుంచి ఈ పొడి కొడుతుంది. సూటిగా ఎదురెదురు కాదు, కొంచెం పక్కకు. అందుకే మంట నడిమధ్యన గిర్రున తిరిగే బంతిలా నిలుస్తుంది, 1,200 డిగ్రీల పైమాటే. గోడలంతా నీళ్ల గొట్టాలే. లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే కాస్త తక్కువగా ఉంచుతాం, అందువల్ల చిన్న కిటికీ తెరిచి చూసినా మంట బయటికి రాదు. చేరిన కొత్తలో మా సీనియర్ నన్ను అక్కడికి తీసుకెళ్లి నల్లద్దం ఇచ్చి చూడమన్నారు. ఆ మంట రంగు ఇప్పటికీ గుర్తే. నారింజ కాదు, దాదాపు తెలుపు.

ఆవిరి 540 డిగ్రీలు, చదరపు సెంటీమీటరుకు 170 కిలోల ఒత్తిడి. ఆ వేడిలో ఆవిరి కంటికి కనపడదు. ఎక్కడైనా సన్నగా లీకైతే చెవికి ఈల వినిపిస్తుంది గానీ ఏమీ కనిపించదు, చెయ్యి పెడితే చెయ్యి తెగుతుంది. టర్బైన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. సెకనుకు యాభై. మీ ఇంట్లో కరెంటు 50 హెర్ట్జ్ అంటే అర్థం అదే, మా రోటర్ చుట్లే మీ గోడలో ఉన్నాయి. ఊళ్లో మోటార్లన్నీ ఒక్కసారి వేస్తే ఆ బరువు మా రోటర్‌కు తెలుస్తుంది. ఫ్రీక్వెన్సీ కొద్దిగా వంగుతుంది, వేగాన్ని కాసే గవర్నర్ అనే పరికరం ఆవిరి ఇంకాస్త వదులుతుంది.

టర్బైన్ దాటిన ఆవిరి కండెన్సర్‌లో నీరవుతుంది. అంత ఆవిరి చిటికెడు నీళ్లయ్యేసరికి అక్కడ శూన్యం ఏర్పడి వెనకాల ఆవిరిని లాగుతుంది. ఆ నీళ్లే మళ్లీ బాయిలర్‌లోకి.

కందిచేను
మీరంతా లోపలి సంగతి చెప్పారు. నేను గోడ బయట ఉంటాను. మా ఊరికి కిలోమీటరు లోపు బూడిద చెరువు ఉంది. ఏ ప్లాంటుదో రాయను, రాస్తే మళ్లీ ఊళ్లో పంచాయితీ.

నూటికి నలభై పాళ్లు బూడిద అన్నారు కదా, ఆ నలభై మా దగ్గరికొస్తుంది. వేసవిలో చెరువు పైన ఎండుతుంది. నాలుగింటికి గాలి లేచిందంటే ఎదుటి ఇల్లు కనపడదు. ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కోవాలి. పత్తి పగిలే వేళ దూది మీద పడితే రంగు తగ్గిందని ధర కోస్తారు. మా అమ్మకు దగ్గు, డాక్టరు ఇల్లు మార్చమన్నాడు. భూమి వదిలి ఎక్కడికి మారుస్తాం? బూడిద మోసే లారీల మీద పరదా కట్టరు. ఫిర్యాదు చేస్తే నాలుగు రోజులు నీళ్లు చల్లి ఊరుకున్నారు.

నాకు కరెంటు వద్దని కాదు. నా బోరు కూడా దానిమీదే నడుస్తుంది. కానీ ఈ బూడిద ఎక్కడికి పోవాలో ముందే ఎందుకు ఆలోచించరు?

శిలల_మాస్టారు
బాబూ, మీ మాట చదివాక నా పాఠం చిన్నదైపోయింది. మీకు పనికొచ్చేది ఒకటి చెప్తాను. 2021 డిసెంబరు 31న కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం బొగ్గు కేంద్రాలు తమ బూడిదను పూర్తిగా వినియోగంలోకి తేవాలి. సిమెంటు, ఇటుకలు, రోడ్లు, గనుల గోతులు నింపడం వంటివాటికి. తేకపోతే జరిమానా ఉంది. అర్జీలో ఆ నోటిఫికేషన్ తేదీ రాయండి. కాలుష్య నియంత్రణ మండలి ఆ కేంద్రానికిచ్చిన అనుమతి పత్రం కాపీ అడగండి. అందులో దుమ్ము గురించి ఏ షరతులున్నాయో చూసుకుని మాట్లాడితే మీ మాటకు బలం వస్తుంది.

రాత్రి_షిఫ్టు
కందిచేను అన్నా, లోపలివాడిగా నేను కూడా చెప్పాలి. పొగగొట్టం కంటే ముందు ఈఎస్పీ అనే పెద్ద పెట్టెలు ఉంటాయి, విద్యుదావేశంతో దుమ్మును పట్టేస్తాయి. బాగా పనిచేస్తే నూటికి 99 పాళ్ల పైనే పడుతుంది. కాబట్టి మీ ఊళ్లో లేచేది గొట్టం నుంచి వచ్చింది తక్కువ, చెరువు నుంచి లేచేదే ఎక్కువ. చెరువు పైన నీటి పొర నిలపాలి. నిండిన భాగాన్ని వెంటనే మట్టితో కప్పి మొక్కలు పెట్టాలి. స్ప్రింక్లర్లు గాలి లేవకముందు మధ్యాహ్నమే తిప్పాలి. ఇవి తెలియని విషయాలు కావు, పని చేసేవాళ్లుండాలి అంతే. సాయంత్రం గాలి వచ్చే టైము, తేదీ రాసిపెట్టి ఫోటోలు తీయండి. రికార్డు ఉంటే మా వాళ్లు మాట దాటేయలేరు.

బీటెక్_మూడో_ఏడు
ఇంత బాధ ఉన్నప్పుడు పగలు సోలార్ ఉందిగా, అప్పుడు ఆపేసి సాయంత్రం వేసుకోవచ్చు కదా? రామగుండం రిజర్వాయర్ మీదే 2022లో 100 మెగావాట్ల తేలే సోలార్ పెట్టారు.

రాత్రి_షిఫ్టు
ఆపడం స్విచ్ పని కాదు తమ్ముడూ. టర్బైన్ రోటర్ పదుల టన్నుల ఉక్కు. ఆవిరి ఆపేశాక వేగం పడిపోవడానికే చాలాసేపు పడుతుంది. ఆగాక కూడా వదిలేయకూడదు, మోటారుతో మెల్లగా తిప్పుతూనే ఉండాలి. వేడిగా ఉన్న రోటర్‌ను కదలకుండా ఉంచితే తన బరువుకే వంగిపోతుంది. పూర్తిగా చల్లారడానికి రోజులు పడుతుంది. చల్లారినదాన్ని మళ్లీ లేపాలంటే మందపాటి ఉక్కు పగుళ్లివ్వకుండా మెల్లమెల్లగా వేడెక్కించాలి, పది గంటలు దాటుతుంది. అంతసేపూ బొగ్గు అంటుకునే దాకా నూనె కాల్చాలి, అది చాలా ఖరీదు.

అందుకే ఆపకుండా తగ్గిస్తాం. 55 శాతం దాకా దించడం ఇప్పుడు మామూలే, 40 దాకా దించమంటున్నారు. అంత కిందికి పోతే మంట నిలకడగా ఉండదు. లోహం రోజూ వేడెక్కి చల్లారి అలిసిపోతుంది, గొట్టాలు ముందుగానే పగులుతాయి. సోలార్ వద్దని నేననను. పగలు ఎంత వస్తే అంత మేలు. సాయంత్రం ఆరు నుంచి పదింటి దాకా మోసేది ఎవరో ముందు తేల్చి, ఆ తర్వాత మమ్మల్ని ఆపండి.

పాల్వంచ_కాలనీ
మా నాన్న కేటీపీఎస్‌లో, అంటే కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్‌లో చేశారు. 1966లో మొదలైన స్టేషన్ అది, కిన్నెరసాని నీళ్లతో నడిచింది. పాత యూనిట్లు ఆపేశాక 2024 ఆగస్టులో ఎనిమిది కూలింగ్ టవర్లు కూల్చేశారు. చిన్నప్పుడు స్కూలు నుంచి ఇంటికి దారి ఆ టవర్లను బట్టే గుర్తుపట్టేవాళ్లం. నాన్న ఆ రోజు మిద్దె మీద నిలబడి చూశారు, కిందికి దిగాక అన్నం తినలేదు. అదే ఆవరణలో 800 మెగావాట్ల కొత్త యూనిట్ నడుస్తోంది. కానీ దానికి కావాల్సిన మనుషులు చాలా తక్కువ, కాలనీలో సగం క్వార్టర్లకు తాళాలే.

పాత_ఓవర్‌మెన్
గనులల్ల గుడ గట్లనే అమ్మా. ఒకప్పుడు సింగరేణిల లక్ష మందికి పైన ఉండె. ఇప్పుడు పర్మినెంటోళ్లు నలభై వేల కాడున్నరు. తట్టా చెమ్మస్ (పార) తోని బొగ్గు టబ్బులు నింపిన చేతులకు పనిలేకుంట మిషన్లొచ్చినయి. ఓసీపీలల్ల కాంట్రాక్టోళ్లొచ్చిన్రు. మిషన్లు వద్దని నేనన. 2003 జూన్‌ల 7 ఎల్ఈపీ బాయిల నీళ్లొచ్చి పదిహేడు మంది పోయిన్రు. ఆ రోజు ఊరంత బాయి మీదనే ఉన్నది. మనిషి దిగకుంట బొగ్గొస్తదంటే నాకంటె సంతోషపడేటోడు లేడు. కాని పని పోయిన పోరనికి ఇంకో పని చూపియ్యాలె గద.

రాత్రి_షిఫ్టు
మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. నిన్న రాత్రి వాన సంగతి ఇక్కడ రాయాలనిపించింది. పదకొండింటికి షిఫ్టు తీసుకునేసరికే బొగ్గు బురదలా వస్తోంది. అర్ధరాత్రి దాటాక ఒక మిల్లు ఫీడర్ ఆగింది, బంకర్‌లో తడి బొగ్గు గోడకు అంటుకుని మధ్యలో బొరియ పడింది. కుర్రాళ్లు సుత్తులతో బంకర్‌ను కొడుతూనే ఉన్నారు. ఒంటిగంటన్నరకు రెండో మిల్లు అవుట్‌లెట్ 60 డిగ్రీలకు పడిపోయింది. మంట వణకడం తెర మీద కనిపించింది. ఆయిల్ గన్లు వేసి, లోడు 490 మెగావాట్ల నుంచి 310కి దించాం. ఎవరెంత కరెంటివ్వాలో చెప్పే లోడ్ డిస్పాచ్ నుంచి ఫోను మీద ఫోను. తెల్లారుజామున నాలుగున్నరకు మళ్లీ పైకి తెచ్చాం. ట్రిప్ మాత్రం, అంటే యూనిట్ ఒక్కసారిగా ఆగిపోవడం మాత్రం, కానివ్వలేదు.

పాత_ఓవర్‌మెన్
మా చిన్నోడు ఓసీపీల డంపర్ తోల్తడు. నిన్న రెండో షిఫ్టుల తొవ్వంత జారుడైతే డంపర్లన్నీ ఆపిన్రట. అడుగున నీళ్లు నిలిచే సంపుల నీళ్లు పనిచేసే మెట్టు, గదే బెంచి దాక వస్తే రాత్రంత పంపులే నడిచినయట. మీకు పోయిన బొగ్గు పొద్దుగాల తీసి కుప్పపోసింది, వానల నానింది. తమ్మీ, మీ మిల్లు ఎందుకు ఆగిందో నాకు గోదావరిఖనిల కూసుండి ఎర్కైంది.

రైలు_కిటికీ
నిన్న రాత్రి తొమ్మిదింటికి నేను రామగుండం గేటు దగ్గరే ఉన్నాను, గొడుగేసుకుని. బొగ్గు రైలు సిగ్నల్ కోసం ఆగి ఉంది. వ్యాగన్ల అడుగు తలుపుల సందుల్లోంచి నల్లటి నీళ్లు ధారగా కారుతున్నాయి. కందిచేను గారూ, మీ దగ్గర కూడా వాన పడిందా? చెరువు తడిసిందా?

కందిచేను
పడిందండీ, రెండు రోజులుగా. నీళ్లు కట్ట దాకా వచ్చాయి, ఊళ్లో వాళ్లం వంతులు వేసుకుని కట్ట చూస్తున్నాం. మాస్టారు చెప్పిన కాపీ కోసం అర్జీ పెట్టాను, రసీదు ఇచ్చారు. దుమ్ము మాత్రం లేదు. అమ్మ ఈ పొద్దు వాకిట్లో కూర్చుంది.